నల్లంచి పాటలోంచి పాము కేక బయటికొచ్చిన కథ

ఒకప్పుడు పిట్టలకి పాట వేరు, కేక వేరు అని ఉండేది కాదు. రెండూ ఒకటే. తమకి వచ్చిన కూతలన్నీ ఒకే దారానికి గుచ్చుకుని, పొద్దున్నే లేచి ఆ దండంతా పాడుకునేవి.

"పండు దొరికింది, రండి" అని పిలిచే కూత అందులోనే. "డేగ వస్తోంది, దాక్కోండి" అనేదీ అందులోనే. "పామొచ్చింది, అందరూ వచ్చి తరమండి" అనేది కూడా ఆ పాటలోనే ఎక్కడో మధ్యలో ఉండేది.

మరి ఎవరైనా కూస్తే అది ఉత్తి పాటో, నిజం పిలుపో ఎలా తెలుస్తుంది? తెలియదు! అందుకని ఆ రోజుల్లో పిట్టలకి ఒక అలవాటు ఉండేది. ఏ కూత వినపడినా మెడ నిక్కించి, "పాటా? పిలుపా?" అని గట్టిగా అడిగేవి. కూసిన పిట్ట "పాటే!" అంటే మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడేవారు. "పిలుపే!" అంటే ఉన్నపళంగా లేచి ఎగిరేవారు.

నవ్వకండి. పిట్టలకి బుర్ర లేదనుకుంటున్నారా? మీ బాబాయికి మాత్రం ఏం ఉంది? బాగా నచ్చిన పాటని తెచ్చి ఫోను రింగుగా పెట్టుకున్నాడు. మొన్న పెళ్ళి భోజనాల్లో మైకులో అదే పాట వచ్చేసరికి, పప్పన్నం కలుపుతున్న చేత్తోనే జేబు తడుముకున్నాడు. కొత్త చొక్కా అంతా పప్పే! పిట్టల బతుకూ అచ్చం అలాగే ఉండేది.

జొన్నచేల పక్కన ఒక పెద్ద రేగుపొద ఉండేది. ఆ పొదలో పిగిలమ్మ అని ఒక పిగిలిపిట్ట గూడు కట్టుకుంది. తల మీద నున్నగా దువ్వుకున్నట్టు నల్లటి ఈకలు, తోక కింద ఎర్రటి మచ్చ. ముచ్చటైన పిట్ట. కానీ దాని కళ్ళు మాత్రం ఒకచోట నిలిచేవి కావు. ఆకు కదిలినా అనుమానమే, కదలకపోయినా అనుమానమే.

పాపం, దానికీ కారణం ఉంది. పోయిన ఏడు గాలివానకి గూడు తిరగబడి పిల్లలన్నీ పోయాయి. ఈ ఏడు మళ్ళీ ముగ్గురు పుట్టారు. ఇంకా కళ్ళు కూడా సరిగ్గా విప్పలేదు. ఆ మూడు నోళ్ళే పిగిలమ్మకి లోకం. "ఈసారి ఎవరొచ్చి ఏం చేసినా నా పిల్లల్ని పోనివ్వను" అని ఒట్టు పెట్టుకుంది.

పొద పక్కనే తుమ్మచెట్టు. దాని చిటారుకొమ్మ మీద ఒక నల్లంచి కాపురం. నల్లటి ఒళ్ళు, రెక్క మీద తెల్లటి చార. అబ్బో, దాని గొంతు! ఆ చుట్టుపక్కల అంత బాగా పాడే పిట్ట లేదు. దాని పాటలోకల్లా అందమైన ముక్క ఏదో తెలుసా? పాము కేక! "పీ... లిలిలిలీ!" అని పైకి లేచి, గిరికీ కొట్టి దిగేది. ఆ ముక్క వచ్చేసరికి నల్లంచి తన్మయంగా కళ్ళు మూసేసుకునేది.

ఆ ముక్క వినపడగానే ఇక్కడ పిగిలమ్మకి గుండె జారిపోయేది. "పాటా? పిలుపా?" అని అరిచేది.

నల్లంచి పలికేది కాదు. పాట మధ్యలో మాట్లాడితే దండ తెగిపోతుందని దాని పట్టుదల. కళ్ళు మూసుకుని పాడుకుంటూ పోయేది.

"పాటా? పిలుపా? చెప్పవయ్యా!"

ఉహూ. ఉలుకూ పలుకూ లేదు.

ఇంక చేసేదేముంది? నిజంగానే పాము వచ్చిందేమో! పిల్లల్ని వదిలి, పామును తరమడానికి పిగిలమ్మ తుమ్మచెట్టు దాకా ఎగిరి వెళ్ళేది. చూస్తే పామూ లేదు, గీమూ లేదు. ఉసూరుమంటూ తిరిగొచ్చేది. వచ్చి చూస్తే గూటి అంచు మీద పిల్లల కోసం పెట్టుకున్న బలుసుపళ్ళు మాయం!

ఒకసారి అయితే సరే అనుకోవచ్చు. ప్రతిసారీ అదే వరస.

పిగిలమ్మ తల పక్కకి వాల్చి ఆలోచించింది. "అడిగితే ఎందుకు చెప్పడు? చెప్పడానికి నోరేం అరిగిపోతుంది? నన్ను గూట్లోంచి లేపడానికే ఈ కూత కూస్తున్నాడు. నేను అటు వెళ్ళగానే ఇటు వచ్చి పళ్ళు బొక్కుతున్నాడు. ఇవాళ పళ్ళు. రేపు పిల్లల జోలికి రాడని ఏంటి నమ్మకం?"

పొద మొదట్లో కూర్చున్న ఉడుత తోక ఊపింది. "నాకెందుకులే అక్కా, చెబితే చాడీ అంటారు. అయినా నీకు తెలియనిదా? అంత తీపిగా పాడేవాళ్ళ కడుపులో ఏముంటుందో ఎవరు చూడొచ్చారు?"

ఉడుత బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. పిగిలమ్మకి ఒక్క క్షణం దాని మీదా అనుమానం వచ్చింది. కానీ, "ఛ, ఇది కాదు. దీనికి పాటే రాదు కదా" అనుకుని వదిలేసింది. అంత తెలివి!

అది మొదలు పిగిలమ్మ నల్లంచి మీద ఒక కన్నేసి ఉంచింది. నల్లంచి కొమ్మకి ముక్కు రాసుకుంటే, "ఏం తిన్నాడని మూతి తుడుచుకుంటున్నాడు?" దగ్గరికి వస్తే, "చూశావా, గూటి లోపలికి తొంగి చూస్తున్నాడు." దూరంగా పోతే, "దొంగబుద్ధి లేకపోతే మొహం చాటేయడమెందుకు?" ఒకరోజు నల్లంచి పాపం, "పిల్లలు బాగున్నారా పిగిలమ్మా?" అని పలకరించింది. పిగిలమ్మ గూటి మీద రెక్కలు ఇంకా వెడల్పుగా పరిచింది. పిల్లలు ఎలా ఉంటే వీడికెందుకు?

ఊరుకుందా? ఊరుకోలేదు. పిచ్చుకలకి చెప్పింది. గోరువంకలకి చెప్పింది. "ఆ నల్లంచి పాము అని కూస్తే ఎవరూ కదలొద్దు. మనల్ని బయటికి పంపి మన గూళ్ళు దోచేస్తున్నాడు" అంది.

"మాకూ ఎప్పట్నుంచో అనుమానంగానే ఉందమ్మా" అన్నాయి పిచ్చుకలు. నిజానికి వాటికి అంతకుముందు ఏ అనుమానమూ లేదు. ఇప్పుడు పుట్టింది.

పిగిలమ్మ మొగుడు పిగిలయ్య మాత్రం, "ఎందుకే ఉత్తిపుణ్యానికి అందరి మీదా పడతావు?" అన్నాడు. "నువ్వు ఊరుకో. నీకు అందరూ మంచివాళ్ళే" అని కసిరింది. పిగిలయ్య పురుగుల కోసం జొన్నచేలోకి పోయాడు.

అలా అతను పోయిన ఒక పొద్దున, ఎండ అప్పుడప్పుడే చురుక్కుమంటోంది. చేలోంచి ఒక జెర్రిపోతు వచ్చింది. పొడుగ్గా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, చప్పుడు లేకుండా రేగుపొద మొదట్లో దూరింది. ఉడుత దాన్ని చూసి, ఒక్క మాట కూడా చెప్పకుండా పక్క చెట్టెక్కేసింది. పిగిలమ్మకి గూటి కింద ఏముందో కనపడదు. చిటారుకొమ్మ మీదున్న నల్లంచికి అంతా కనపడింది.

"పీ... లిలిలిలీ!" అంది నల్లంచి. పొదలో ఎవరూ కదల్లేదు.

"పీ... లిలిలిలీ! పిలుపే! పిలుపే పిగిలమ్మా! పాట కాదు!"

పిగిలమ్మ కళ్ళు చికిలించింది. "ఓహో! గొంతు చించుకుని అడిగినన్నాళ్ళూ నోరు విప్పనివాడు, ఇవాళ అడక్కుండానే చెబుతున్నాడేంటి? ఏదో ఎత్తు వేశాడు. కదిలానంటే అంతే" అనుకుని, పిల్లల మీద ఇంకా గట్టిగా కూర్చుంది.

"పాటా? పిలుపా?" అని చెట్ల మీది పిచ్చుకలు అడిగాయి.

"పిలుపే! మీకు దండం పెడతాను, పిలుపే! రండి!"

"అబద్ధం!" అన్నాయి పిచ్చుకలు. "రాం గాక రాం!" అన్నాయి గోరువంకలు. ఎవరి గూటి మీద వాళ్ళు బిగుసుకుని కూర్చున్నారు.

నల్లంచి ఒక్కటే తుమ్మచెట్టు మీంచి దూకింది. పొదలోకి దూరి జెర్రిపోతు తల మీద టక్కున పొడిచింది. జెర్రిపోతు ఒళ్ళు ఒక్కసారి విదిలించేసరికి నల్లంచి ముళ్ళలో పడి కొట్టుకుంది. మళ్ళీ లేచింది. మళ్ళీ పొడిచింది. పిట్ట ఎంత, పాము ఎంత? జెర్రిపోతు దాన్ని లెక్కే చేయకుండా పైకి పాకింది.

గూటి కింద ఆకులు గలగలమన్నాయి. పిగిలమ్మకి ఒళ్ళు మండిపోయింది. "దొరికావురా దొంగా! పళ్ళ కోసం పొదలోకే దూరావా?" అని అరుస్తూ అంచు మీదికి గెంతి, కిందికి వంగి చూసింది.

నల్లంచి కాదు. రెప్ప వేయని రెండు కళ్ళు తన మొహంలోకే చూస్తున్నాయి.

పిగిలమ్మ కెవ్వుమనే లోపే జెర్రిపోతు నోరు గూట్లోకి వచ్చి వెళ్ళింది. అంచుకి ఉన్న పిల్ల లేదు.

"పామూ! పామొచ్చిందమ్మోయ్!" అని పిగిలమ్మ తన పాటలోని పాము కేక కూసింది. చెట్ల మీంచి జవాబొచ్చింది. "పాటా? పిలుపా?"

అయ్యో, ఆ మాట విని పిగిలమ్మ ప్రాణం ఎలా విలవిల్లాడిందో! జెర్రిపోతు రెండోసారి తల ఎత్తింది. నల్లంచి ముళ్ళలోంచి లేచి, ఉన్న ఊపిరంతా బిగబట్టి ఆ అందమైన ముక్క మళ్ళీ కూయబోయింది. అరిచి అరిచి దాని గొంతు అప్పటికే పోయింది. "పీ" రాలేదు, "లిలిలీ" రాలేదు. గొంతు జీరపోయి, గరుగ్గా, మొరటుగా, చిల్లపెంకుని బండ మీద గీరినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"చ్ర్ర్ర్! చ్ర్ర్ర్ర్!"

అలాంటి చప్పుడు ఏ పిట్ట పాటలోనూ లేదు. ఏ పొద్దునా ఎవరూ వినలేదు. వినగానే పిచ్చుకల ఒళ్ళు జలదరించింది. పాటా, పిలుపా అని ఒక్కరూ అడగలేదు. అంత వికారంగా ఎవరైనా పాడతారా? పిచ్చుకలు, గోరువంకలు, జొన్నచేలోంచి పిగిలయ్య, అందరూ ఒక్క పెట్టున వచ్చి పడ్డారు. తల మీద పొడిచేవారు పొడిచారు, తోక మీద రక్కేవారు రక్కారు. జెర్రిపోతు చుట్టలు చుట్టుకుని, చుట్టలు విప్పుకుని, దారి చూసుకుని చేలోకి జారుకుంది.

గూట్లో రెండు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మూడో చోటు ఖాళీ.

పిగిలమ్మ ఆ ఖాళీనే చూస్తూ ఉండిపోయింది. భయంతో దాని తల మీద ఈకలన్నీ నిక్కబొడుచుకుని లేచి ఉన్నాయి. పిగిలయ్య ముక్కుతో ఎంత దువ్వినా అణగలేదు. ఇంతలో పక్క చెట్టు మీది ఉడుత కంగారులో దగ్గింది. దాని బుగ్గల్లోంచి బలుసుపళ్ళు టపటపా రాలి పిగిలమ్మ ముందే పడ్డాయి. పిగిలమ్మ వాటిని చూసింది. ఉడుత సిగ్గుతో తోక నెత్తిన కప్పుకుని పారిపోయింది.

మర్నాడు తెల్లారింది. పాట లేదు. ఆ మర్నాడూ లేదు. తుమ్మచెట్టు మీద నల్లంచి తల దించుకుని కూర్చుంది. పిగిలమ్మే ఎగిరి దాని పక్క కొమ్మ మీద వాలింది.

"ఎందుకు పాడటం లేదు అన్నయ్యా?"

"నా పాటే నీ పిల్లని చంపింది పిగిలమ్మా. అందంగా ఉందని పాము కేకని రోజూ పాడాను. నువ్వు అడిగితే జవాబైనా చెప్పలేదు."

"నువ్వు చెప్పిన రోజున నేను నమ్మలేదు కదా" అంది పిగిలమ్మ. అని భోరుమంది. నల్లంచి కూడా ఏడ్చింది.

కాసేపటికి నల్లంచి గొంతు సవరించుకుంది. "ఒక మాట ఇస్తున్నాను. ఆ పీలిలిలీ ముక్కని ఇక పాము కేకగా ఎప్పుడూ కూయను. అది ఉత్తి పాటే. మొన్న గొంతు పగిలి వచ్చిందే, ఆ పాడు చప్పుడు, దాన్ని పాటలో ఎప్పటికీ కలపను. పాము వస్తేనే అది నా నోట వస్తుంది. నువ్వు అడగక్కర్లేదు."

"సరే, పాడు" అంది పిగిలమ్మ. నల్లంచి పాడింది. పిగిలమ్మ తిరిగొచ్చి తన గూట్లో కూర్చుని విన్నది. ఆ అందమైన ముక్క వచ్చినప్పుడు దాని గుండె ఝల్లుమన్న మాట నిజం. కానీ లేవలేదు. అడగలేదు. రెండు పిల్లలూ రెక్కల కింద వెచ్చగా నిద్రపోయాయి.

అది చూసి మిగతా పిట్టలన్నీ తమ పాటల్లోంచి కేకల్ని తీసి పక్కన పెట్టేసుకున్నాయి. ఏ పిట్టకి ఆ పిట్ట, పాడుకోవడానికి పనికిరాని ఒక మొరటు కూత వెతికి పెట్టుకుంది. మీ బాబాయికే ఇంకా తెలిసిరాలేదు.

అప్పటినుంచే పిట్టల పాట వేరు, కేక వేరు. పొద్దున్నే నల్లంచి ఎంత తీపిగా పాడినా ఏ పిట్టా గూడు వదిలి లేవదు. "చ్ర్ర్ర్" అని ఒక్కసారి గీరిందంటే, ఏ జాతి పిట్టైనా సరే, ఎవరు, ఏమిటి అని అడగకుండా పరుగున వస్తుంది. అప్పటినుంచే పిగిలిపిట్ట తల మీద ఈకలు నిక్కబొడుచుకునే ఉంటాయి. పాట వింటూ కూడా అది తల పక్కకి వాల్చి, ఒక కంటితో పొద మొదలు చూసుకుంటూనే ఉంటుంది.