తేలు గూట్లో కడుపునొప్పి ఆకు

ఒట్టేసి చెబుతున్నా, ఇది మీరు నమ్మనే నమ్మరు. మీ కంప్యూటరు సారు జావాస్క్రిప్టులో ఎర్రే అనీ, ఆబ్జెక్టు అనీ ఏవో చెబుతాడంటగా. నేను బడికెళ్ళింది పలక పగిలేదాకానే. అయినా ఆ రెండిట్నీ అడవిలో కళ్ళారా చూసినోణ్ణి.

అనగనగా ఒక అడవిలో, వాగు గట్టు మీద, గంతులమ్మ అనే ఉడుత ఉండేది. దానికో వెదురుబొంగు. దొరికిన కాయనల్లా చివర్న తోసేది. కాయ వెనక కాయ, ఏదీ పోదు. ఎర్రే అంటే అదే.

ఆ మట్టిగట్టులోనే ఉడుము నూకాలు మామ్మ మందుల గూళ్ళు. జొరం గూడు, దగ్గు గూడు, తేలు కుడితే పిండే మందుకి తేలు గూడు. ఒక్కోదాంట్లో ఒక్క పొట్లమే పట్టుద్ది. పేరు చెబితే చాలు, చెయ్యి నేరుగా మందు మీదే పడుద్ది. ఆబ్జెక్టు అంటే అదే. కాకపోతే గూళ్ళకి అవతల చిల్లు. కింద వాగు.

వాన పట్టింది. మామ్మ బయల్దేరింది.

"ఒసే గంతులమ్మా, గుట్ట మీద కుందేలు కోడలికి నొప్పులంట, వెళ్ళొస్తా. కొత్త మందు దొరికితే కొత్త గూడు తవ్వి, పేరు పెట్టి, అందులో పెట్టు. ఉన్న గూట్లో కుక్కావో, పాతది వాగుపాలే."

"ఎళ్ళు మామ్మా. పుట్టిన కాణ్ణుంచీ కాయలు పేర్చేదాన్ని, నాకు చెప్పొచ్చావు."

గంతులమ్మకి కడుపునొప్పి ఆకు దొరికింది. తడిమట్టి తవ్వితే తోక పాడైపోద్ది. "దీని వెనకే ఒదుగుద్దిలే" అని తేలు గూట్లో తోసేసింది. అవతల టప్పుమంది. వాన చినుకనుకుంది.

కాసేపటికి గంతులమ్మ పిల్ల అరిచింది. "అమ్మా, తేలు కుట్టిందే. కాలు మండుతోందే."

గంతులమ్మ ఉరికి తేలు గూట్లో చెయ్యి పెట్టింది. కడుపునొప్పి ఆకు. భుజందాకా పెట్టింది. వెనక ఉత్త గాలి.

తేలు మందు కోసం వాగెంట పరిగెత్తింది. చేపనడిగింది. "ఇటు రాలేదే" అంది చేప. కప్పనడిగింది. "నేను అరుపు మీదున్నా, చూళ్ళేదు" అంది కప్ప. ఎండ్రకాయనడిగింది.

"నీదా అది? నా కలుగుకి అడ్డం పడితే సగం కొరికి పారేశా. మిగతాది అదుగో."

ఆ సగమే తెచ్చి పిల్ల నోట్లో పిండింది. పిల్ల మూలగడం మానేసింది. గంతులమ్మ దాని గుండె మీద చెవి పెట్టింది. చప్పుడు లేదు. మళ్ళీ పెట్టింది. లేదు. మూడోసారి, సన్నగా, టిక్కుమంది.

పిల్ల బతికింది. ఆ కాలు మాత్రం మళ్ళీ కొమ్మ దూకలేదు. మామ్మ తిరిగొచ్చేసరికి గంతులమ్మ తోకంతా బురదతో కొత్త గూడు తవ్వుతా ఉంది.

అందుకే ఇప్పటికీ ఏ ఉడుతైనా కాయ దాచేముందు బొరియలో ముక్కు పెట్టి చూస్తది. కాదని తేల్చండి, ఈ మీసం గొరిగి మీ చేతిలో పెడతా.

నీతి: వరసలో వేసేది చివర్న చేరుద్ది, ఉన్న పేరు మీద వేసేది పాతదాన్ని తోసేస్తది. అందుకే కొత్తదానికి కొత్త పేరు పెట్టు.