సంతకానికి పైన ఖాళీ

సన్యాసిరావు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెప్తారు. విజయనగరంలో ముప్పయ్యేళ్ళు లా పాఠాలు చెప్పినన్నాళ్ళూ అదే అలవాటు. స్వాధీనమంటే ఏమిటని అడిగిన కుర్రాడికి తన గొడుగిచ్చి రోజంతా బజారులో తిరిగి రమ్మన్నారట. హద్దు తగాదాల గురించి అడిగినవాడి చేత పక్కింటి ప్రహరీ బెత్తెలతో కొలిపించారట. పాత శిష్యులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆయన రిటైరై ఇరవయ్యేళ్ళయింది. శిష్యులు రావడమూ మానలేదు, ఆయన పని చెప్పడమూ మానలేదు.

ఆ శుక్రవారం పొద్దున్నే హైమావతి వచ్చింది. ఒకప్పుడు ఆయన క్లాసులో మొదటి బెంచీ పిల్ల. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు, కోర్టు ఆవరణలో నోటరీ. తెల్లారి లేచింది మొదలు ఎవరెవరి సంతకాల కిందో తన ముద్ర వేయడమే పని. మాస్టారు వరండాలో కూర్చుని, మైదా జిగురుతో పాత పుస్తకానికి అట్ట వేసుకుంటున్నారు.

"మాస్టారూ, సిఫారసు ఉత్తరం ఎవరు రాస్తే బాగుంటుంది?" అంది, చెప్పులైనా విప్పకుండా.

"ముందు కూర్చో. ఈ అట్ట ఆ కొస పట్టుకో."

పట్టుకునే చెప్పింది. కూతురు తన్మయి డిగ్రీ అయిపోవస్తోంది. పై రాష్ట్రంలో ఒక లా యూనివర్సిటీకి దరఖాస్తు పెడుతోంది. మార్కులు, పరీక్ష, అన్నీ కుదిరాయి. వాళ్ళకి ఒక ఉత్తరం కావాలిట, అభ్యర్థిని స్వయంగా ఎరిగినవారు రాసింది. ఈ రోజు సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు.

"ఉత్తరం లేదా?"

"ఉంది మాస్టారూ. రిటైర్డు జిల్లా జడ్జిగారిది. మా ఆడపడుచు వియ్యంకుడు. నేనే వెళ్ళి అడిగాను. 'మీరే రాసుకురండమ్మా, సంతకం పడేస్తాను' అన్నారు. అందరూ అంతే కదా. పిల్ల చేతే రాయించాను. ఆయన సంతకం పెట్టారు కూడా. ఇప్పుడది పంపనంటోంది. మీరంటే దానికి గౌరవం. మీరొక్క మాట చెప్తే వింటుంది."

ఉత్తరం తీసి ఇచ్చింది. మాస్టారు చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మంచి కాగితం, చక్కటి ఇంగ్లీషు. మధ్యలో ఒక వాక్యం ఉంది: ఈ విద్యార్థినిలో నేను స్వయంగా చూసిన ఒక్క విషయం చెప్పాలంటే. దాని కింద నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ కింద జడ్జిగారి సంతకం, తేదీతో సహా, నిండుగా ఉంది.

"ఆయన నింపాలని వదిలింది మాస్టారూ," అంది హైమావతి నెమ్మదిగా. "ఆయన చూసుకోలేదు. కాఫీ తాగుతూ పెట్టేశారు. వచ్చేముందు 'ఇంతకీ అమ్మాయి పేరేమన్నారు?' అని అడిగారు. పోన్లే, నువ్వే ఏదో ఒకటి రాసెయ్యవే అన్నాను దానితో. 'ఆయన చూడనిది చూసినట్టు నేనెలా రాస్తానమ్మా? లా చదవడానికి దొంగసాక్ష్యం పట్టుకుని వెళ్ళనా?' అంది. ఎంత మాట!"

మాస్టారు నవ్వలేదు. లోపలికి వెళ్ళి, చించిన క్యాలెండరు కాగితం ఒకటి, పెన్ను ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"ఇది పంపడానికి కాదు. ఆ నాలుగు గీతల్లో పట్టేది నువ్వు రాయి. ఇరవయ్యొక్కేళ్ళుగా చూస్తున్నావు కదా."

హైమావతికి ఇదేదో సులువుగానే తేలిపోయేలా ఉందనిపించింది. 'చాలా తెలివైన పిల్ల' అని రాసింది.

"ఆ మాట వీధిలో ఏ తల్లినడిగినా రాస్తుంది," అన్నారు మాస్టారు జిగురు కలుపుతూ. "నువ్వు చూసింది రాయి."

కొట్టేసింది. 'ఇంటర్లో తొంభయ్యేడు శాతం' అని రాసింది.

"అది పేపరు దిద్దినవాడు చూశాడు."

మళ్ళీ కొట్టేసింది. ఆ తరువాత పెన్ను కదల్లేదు. పక్కింట్లో కుక్కరు కూతలు వేసి వేసి ఊరుకుంది. ఎన్ని తెలుసు తనకి! పిల్ల రక్తం గ్రూపు తెలుసు, ఆధార్ నంబరు తెలుసు, ఏ నెలలో ఏ పరీక్షకి ఎక్కడ కూర్చుందో తెలుసు. ఏ కూర ముట్టదో తెలుసు. కోచింగులో చేర్పించింది, బస్సెక్కించింది, దింపుకుంది. కానీ, 'నేను చూశాను' అని మొదలుపెట్టి పూర్తి చేయడానికి ఒక్క వాక్యం దొరకలేదు. గుమ్మంలో నిలబడి వాచీ చూసుకున్న రోజులే గుర్తొస్తున్నాయి.

చివరికి పెన్నుకి మూత పెట్టి అంది: "ఒకటి ఉంది మాస్టారూ. కానీ దానికి నేను కొట్టాను."

మాస్టారు కుంచె పక్కన పెట్టారు.

నాలుగేళ్ళ కిందటి మాట. తన్మయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇంట్లో గిన్నెలు తోమే పైడమ్మని మొగుడు కొట్టి బయటికి నెట్టేశాడు. పోలీసు స్టేషనుకి ఒక్కతే వెళ్ళలేనంటే తన్మయి తోడు వెళ్ళింది. కోచింగులో ఆ రోజు పెద్ద పరీక్ష. మధ్యాహ్నం వెళ్ళిన పిల్ల దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చింది. పరీక్ష పోయింది. "ఊళ్ళోవాళ్ళ కాపురాలు నీకెందుకే? నీ రాంకు పైడమ్మ తెచ్చిస్తుందా?" అని హైమావతి చెయ్యి చేసుకుంది. ఒక్క దెబ్బే. పిల్ల ఏడవలేదు. అన్నం పెట్టుకుని తిని పడుకుంది. ఆ తరువాత ఆ ఊసు ఇంట్లో రాలేదు.

"అంతసేపు అక్కడ ఏం చేసింది?"

"అడగలేదు మాస్టారూ."

"తరువాతైనా?"

హైమావతి చీర కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చుంది. మాస్టారు మరొకటి అడిగారు: "జడ్జిగారి ఉత్తరం సరే. పిల్ల తనంతట తను ఎవరి పేరూ చెప్పలేదా?"

"చెప్పింది. నెల కిందట, టిఫిను తింటుంటే. తాసీల్దారాఫీసు ముందు అర్జీలు రాసే సింహాద్రి పేరు. రిటైర్డు హెడ్డు కానిస్టేబులు. 'హెడ్డు చేత రాయించుకుంటావా? అది సిఫారసు ఉత్తరమా, అరెస్టు వారెంటా?' అన్నాను. వాళ్ళ నాన్న పొరబోయేలా నవ్వారు. ఆ రోజే జడ్జిగారి పేరు నేనే దగ్గర కూర్చుని దరఖాస్తులో ఎక్కించాను. ఆ సింహాద్రికీ దీనికీ ఏం పరిచయమో..." అంటూ ఆగిపోయింది. సింహాద్రి రిటైరవకముందు ఆ స్టేషనులోనే రైటరు. వచ్చినవాళ్ళు చెప్పింది విని ఫిర్యాదు రాసేది అతనే.

"తాసీల్దారాఫీసు ఇక్కడికి ఎంత దూరం?" అన్నారు మాస్టారు.

హైమావతి వెళ్ళేసరికి సింహాద్రి రోజూ కూర్చునేచోటే, నీలం టార్పాలిను కింద, బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె రెండు మూడేళ్ళుగా ఆ బల్ల పక్కనించే కోర్టుకు నడుస్తోంది. ఆమెను చూసి లేచి, తనే కుర్చీ తుడిచాడు.

"రండమ్మా, నోటరీ గారు మా దగ్గరికి రావడమేటి! మేవే కదా మీ దగ్గరికి రావాల."

"మా అమ్మాయి మిమ్మల్ని ఉత్తరం అడిగిందా?"

"పాపా? అడిగింది. రాసిచ్చీసాను కూడాను. మర్నాడే అట్టుకొచ్చి తిరిగిచ్చీసింది. 'అమ్మకి వేరే వాళ్ళు దొరికారు తాతా, మీరేటీ అనుకోకండి' అంది. అనుకోడానికేటుందమ్మా. జడ్జిగారెక్కడ, నానెక్కడ? కాగితం వదిలీసి వెళ్తంటే మటుకు, మొహం చూడలేకపోనాను."

"ఉందా?"

అర్జీలు రాసేవాడు ఏ కాగితమూ పారెయ్యడు. రేకు పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చాడు. తెలుగులో, స్టేషను భాషలోనే ఉంది. హైమావతి నిలబడే చదివింది.

"పైడమ్మ అను స్త్రీతో కూడ సదరు తన్మయి అను బాలిక సుమారు మూడు గంటలకు స్టేషనుకు వచ్చినది. నేను ఫిర్యాదు వ్రాసి వేలిముద్ర వేయమనగా, సదరు బాలిక 'ముందు ఆమెకు చదివి వినిపించండి' అన్నది. నాకు కోపము వచ్చినది. అయినను చదివితిని. పైడమ్మ ఒక మాట కాదన్నది. మరల వ్రాసితిని. మరల కాదన్నది. ఈ విధముగా నాలుగు కాగితములు అయినవి. సదరు బాలిక పైడమ్మకు బదులు ఒక్క మాటయును మాట్లాడలేదు. ఆమె ఏడ్చి ఆగినప్పుడు మంచినీళ్ళు ఇచ్చి, చెప్పువరకు ఊరకుండెను. నేను ముప్పది ఒక్క సంవత్సరములు ఫిర్యాదులు వ్రాసియున్నాను. ఆ దినము మొదలు వినిపించకుండ ఎవరి వేలిముద్రయు తీసికొనలేదు. ఇది నేను కళ్ళార చూచినది."

కింద పేరు, పోలీసుగా ఉన్నప్పటి నంబరు. రబ్బరు ముద్ర ఏదీ లేదు.

"ఆ రోజు పాపని చాలాసేపు ఉంచీసానమ్మా," అన్నాడు సింహాద్రి. "ఇంటికాడ తిట్టినారా ఏటి?"

హైమావతి ఆ కాగితం నకలు తీయించుకుని, అక్కడే గోడ వారగా నిలబడి యూనివర్సిటీకి ఫోను చేసింది. అవతల గొంతు మర్యాదగానే ఉంది. ఉత్తరం రాసేవారి పేరు ఒకసారి ఎక్కించాక మార్చడానికి వీల్లేదండీ, అంది. అభ్యర్థి గారే ఎక్కించి ఉంటారు కదా, అంది. హైమావతి అవునంది. రెండోసారి చేసింది. మూడోసారి వేరే గొంతు, అదే మాట.

కోర్టుకి వెళ్ళింది. ముద్ర వేయమని వచ్చినవాళ్ళని కూర్చోబెట్టింది గాని, వేయలేక సోమవారం రమ్మంది. నాలుగు గంటలకి తన్మయి నుంచి ఫోనులో రెండు ముక్కలు వచ్చాయి. "అమ్మా, నేను పంపడం లేదు. వచ్చే ఏడాది చూద్దాం. నువ్వు మనసు పాడుచేసుకోకు." ఆ చివరి మాట హైమావతి మళ్ళీ చదివింది. ఏదో రాయబోయి, చెరిపేసింది. గోడ గడియారం ఐదు కొట్టేదాకా అలాగే కూర్చుంది.

ఐదున్నరకి మాస్టారి వరండా మెట్లెక్కింది. ఆయన పుస్తకాలు వరసగా ఆరబెట్టుకుంటున్నారు. ఆమె నకలు ఆయన చేతికిచ్చి, కింద కూర్చుండిపోయింది.

"గడువు అయిపోయింది మాస్టారూ. పేరు మార్చడానికి లేదట. ఏడాది పోయింది పిల్లకి. నా చేతుల్తో నేనే ఎక్కించాను ఆ పేరు. మీరు రెండేళ్ళు చెప్పారు నాకు, సాక్ష్యమంటే చూసినవాడే చెప్పాలని. పరీక్షలో ఫస్టు మార్కు కూడా వేశారు దానికే."

మాస్టారు కాగితం దూరంగా పట్టుకుని, వెలుతురుకేసి తిప్పి చదివారు. అయ్యాక మడత పెట్టి, తన దగ్గర ఉంచుకోకుండా ఆమె ఒళ్ళో పెట్టారు.

"ఇది నువ్వు చదివావని అమ్మాయికి తెలుసా?"

హైమావతి తల అడ్డంగా ఊపింది.

"మరి నా దగ్గర ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు.