బాట మధ్యలో ఆవం

సేనాపతి రథం తగిలి కుమ్మరి నూకాలు బండి బోల్తాపడింది. ఒక్క కుండా మిగల్లేదు. ఆమె ఫిర్యాదుకి వెళ్తే, ఎవరు పగలగొట్టారని అడిగే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

"అది రాజుగారి బాట. మా పరిధి కాదు, కోటకి పో," అన్నాడు ఊరి పెద్ద.

"కుండలు ఊరివి. ఊళ్ళోనే తేల్చుకో," అన్నాడు కోటలో న్యాయాధికారి.

మర్నాడు నూకాలు సరిగ్గా అదే చోట, బాట మధ్యలో, కుండలు కాల్చే ఆవం పేర్చింది. సేనాపతి రథం వచ్చి ఆగిపోయింది. ఊరి పెద్దా, న్యాయాధికారీ పరుగెత్తుకొచ్చి, "తీసెయ్!" అని అరిచారు.

"తీయించే అధికారం మీ ఇద్దరిలో ఎవరిదో చెప్పండి బాబూ, తీసేస్తాను. నా కుండలు పగిలిందీ ఇక్కడే కాబట్టి, ఆ గొడవ కూడా వాళ్ళే వినాలి మరి."

రథంలోంచి సేనాపతి గద్దించాడు. న్యాయాధికారి చెమట తుడుచుకుని, "నాదే అధికారం. ఇంతకీ పగలగొట్టిందెవరు?" అన్నాడు.

నూకాలు రథం వైపు చెయ్యి చూపించింది.