లంకలో ఎనిమిది కోర్ల వరద లెక్క

గోదారి లంకలో మనుషులు వదిలేసిపోయిన వాతావరణ కేంద్రం ఒకటుంది. అందులోని కంప్యూటర్‌ని ఎద్దు సింహాద్రి చూసుకునేది. లంకని వేల గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో చేరే నీళ్ళన్నీ కూడి, వరద ఎంత లోతొస్తుందో చెప్పే ప్రోగ్రాం రాసింది.

ఒక తెల్లవారుజామున కొంగ రొప్పుతూ వాలింది. "ఎగువన కుండపోత! పొద్దుగూకేలోపు వరద మన మీదే!"

కుందేలు రత్తాలు సింహాద్రి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. దాని పిల్లలు పుట్టి నాలుగు రోజులే. "బాబాయ్, పాయ దాటిద్దామంటే పసికూనలు. లంక మధ్యలో ఎత్తైన దిబ్బ మీదే ఉంటే మునిగిపోతామేమో!"

"లెక్క తేలితే చెబుతానమ్మా. కానీ పదహారు గంటలు పడుతుంది," అంది సింహాద్రి.

నక్క చిట్టిబాబు ఎగిరి బల్లెక్కింది. "మావా! దీంట్లో లెక్కలు చేసే కోర్లు ఎనిమిదున్నాయి. ఒక్కదానితో చాకిరీ చేయించి ఏడింటిని ఖాళీగా కూర్చోబెట్టావే! గళ్ళన్నీ ఎనిమిది వాటాలేస్తా, చూడు!"

వేసింది. రెండు గంటల్లో జవాబొచ్చేసింది! లంకంతా ఒకటే కేరింతలు.

"లంకలో మోకాల్లోతే! దిబ్బ మీదికి రాదు. ఎవరూ కదలక్కర్లేదు. ఇకనుంచి ఈ గదికి పెద్ద నేనే!" అంది నక్క.

"మళ్ళీ ఒకసారి నడుపు, అల్లుడూ."

"వచ్చిన జవాబుని మళ్ళీ అడగడమేంటి మావా?"

సింహాద్రి గొంతు మార్చింది. "ఇంత వేగం నా జన్మలో చూళ్ళేదురా. పాపం జింకలు ఇప్పుడే వచ్చాయి. వాటికీ నీ సత్తా చూపించవూ?"

నక్క ఉబ్బిపోయి మీట నొక్కింది. మళ్ళీ రెండు గంటలు. ఈసారి నడుం లోతు!

"గోదారి ఒకటే, వాన ఒకటే. లోతులు రెండెలా అయ్యాయి?"

సింహాద్రి ప్రోగ్రాం వరసవరసా చదివి గిట్టతో నేలని తన్నింది. "దొరికింది! ఎనిమిది కోర్లూ ఒకే మొత్తం మీద ఒకేసారి ఎగబడుతున్నాయి. ఒకటి రాసింది ఇంకోటి చెరిపేస్తోంది. నీళ్ళు లెక్కలోంచి జారిపోతున్నాయి! ఎవరి మొత్తం వాళ్ళే రాసుకోవాలి. చివర్లో ఎనిమిదీ కూడాలి. మార్చు, త్వరగా!"

నక్క గబగబా మార్చింది. ముందు వంద గళ్ళకి ఒక్క కోరుతో చేయించారు, తర్వాత ఎనిమిదింటితో. రెండూ సరిగ్గా ఒకటే! రత్తాలు గెంతులేసింది. మొత్తం లెక్క మధ్యాహ్నానికి తేలింది: ఎద్దు మూపు మునిగేంత లోతు, దిబ్బ కూడా మిగలదు!

"కదలండి!"

పాయలో నీళ్ళింకా ఎద్దు పొట్ట దాకానే ఉన్నాయి. పసికూనల్ని గడ్డిబుట్టలో పెట్టి కొమ్ములకి తగిలించుకుని, రత్తాల్ని మూపు మీద ఎక్కించుకుని సింహాద్రి ముందు నడిచింది. జింకలు వెనకాలే ఈదాయి. అందరూ గట్టెక్కిన గంటకి, వాళ్ళ కళ్ళముందే దిబ్బ మునిగిపోయింది.

తడిసి ముద్దయిన నక్క గొణిగింది, "పనిని ఎనిమిదింటికీ పంచింది నేనే కదా?"

"నువ్వేరా. నువ్వు పంచబట్టే వేళకి బయటపడ్డాం," అంది సింహాద్రి. "నీ మొదటి జవాబు నమ్మి కూర్చుంటే మాత్రం ఈ మాట అడగడానికి నువ్వుండేవాడివి కాదు."

నీతి: వేగంగా వచ్చిన జవాబైనా సరే, సరిచూసుకున్నాకే నమ్మాలి.