గులాబీ రంగు గౌను

మా వీధి చివర గవరయ్య, అతని పెళ్ళాం పైడితల్లి, తల్లి నరసమ్మ ఉండేవారు. తమకున్నంత తెలివి ఊళ్ళో ఇంకెవరికీ లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఎవరేం చెబితే అది పొల్లుపోకుండా చేస్తాం, అంతకన్నా తెలివేం కావాలి అనేవారు.

లేనిదల్లా ఒక పాప. పైడితల్లి గులాబీ రంగు గౌనొకటి కొని, రోజూ ఉతికి దండెం మీద ఆరేసేది. గాలికి అది గిరగిరా తిరుగుతుంటే లోపల పాప ఉన్నట్టే చూస్తూ నిలబడిపోయేది.

చివరికి జిల్లా ఆఫీసులో దత్తతకి అర్జీ పెట్టారు. అక్కడి వసుంధర మేడమ్ మూడు రోజుల్లో ఇల్లు చూడ్డానికి వస్తానంది. గుచ్చుకునేవీ కాలేవీ లేకుండా ఇంటిని పాప ఎత్తులోంచి చూసుకోమంది. ఇల్లు నచ్చకపోతే పాపనివ్వరు.

అంతే, ముగ్గురూ మోకాళ్ళ మీదికి దిగారు. గట్టు మీది పొయ్యి అందలేదు. ఇంకేముంది, మూడు రోజులూ అటుకులే. మేడమ్ వచ్చి తలుపు కొడితే గడియా అందలేదు. ఆవిడ కిటికీలోంచి చూస్తే ముగ్గురూ పాక్కుంటూ వస్తున్నారు.

"లేచి తియ్యండి."

"లేస్తే పాప ఎత్తు పోతుంది కదమ్మా," అన్నాడు గవరయ్య.

మేడమ్‌కి కాదనేద్దామనే అనిపించింది. కానీ కిటికీలోంచే చూసింది, లోపల కింద ఒక్క మేకు లేదు. మంచం కోళ్ళకి కూడా మెత్తటి గుడ్డలు చుట్టి ఉన్నాయి. దాంతో సంతకం పెట్టేసింది.

నాలుగేళ్ళ మౌనికని అప్పగిస్తూ, దారిలో బస్టాండు రద్దీగా ఉంటుంది, పాప చెయ్యి వదలొద్దంది. అంతే, గవరయ్య ఇంటికొచ్చినా వదల్లేదు. రాత్రీ వదల్లేదు. పాప నోరు విప్పలేదు.

పొద్దున్న గౌను తొడగాలి. తొడగాలంటే చెయ్యి వదలాలి. ముందు నువ్వు తొడుక్కోరా, నీ చేతి మీంచి పాప మీదికి జరుపుదాం అని నరసమ్మ ఉపాయం చెప్పింది. గౌను గవరయ్య మెడ దగ్గర ఇరుక్కుపోయింది.

అప్పుడే మేడమ్ పాపని చూసి వెళదామని వచ్చింది. ఆ గౌనెవరిదని అడిగింది.

"నాదే. నాన్నకి బిగుతైంది," అంది మౌనిక.

నాన్న! మేడమ్ కళ్ళు తుడుచుకుని, ఇంక చెయ్యి వదలండయ్యా అంది. గవరయ్య వదిలాడు.

పైడితల్లి ఒక్క ఉదుటున వచ్చి గౌను పట్టుకుని లాగింది.

"ఇటియ్యయ్యా, నేనూ తొడుక్కుంటాను. నన్ను అమ్మా అనొద్దూ?"

ఆవిడ వెనకే నరసమ్మ వరసలో నిలబడింది.