పేరు లేని సీసా

కాత్యాయని అమ్మగారి ఇంట్లో పేరు లేని సీసా ఉండదు. ఉప్పు డబ్బా దగ్గర్నుంచి స్నానాలగదిలో ఫినాయిల్ దాకా, దేని చీటీ ఊడినా ఆవిడ తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, వణికే చేత్తో పెద్ద అక్షరాల్లో పేరు రాసేవారు. తణుకులో ఆ పెంకుటింటి ముందుగదిలో ఏళ్ళ తరబడి మాకు ఉపనిషత్తులు చెప్పిన మనిషి ఆవిడే. నామరూపాలు మిథ్య అని పొద్దున పాఠం చెప్పి, మధ్యాహ్నం కూర్చుని సీసాలకు నామకరణం చేసేవారు. మాకది వింతగానే ఉండేది కానీ అడగడానికి నోరు వచ్చేది కాదు.

అడిగినవాడు శేషగిరి. జీవితమంతా ప్రెస్సులో పెళ్ళికార్డుల మీద పేర్లు అచ్చేసి, ఆ పేర్లంటేనే విసుగెత్తి వేదాంతంలోకి వచ్చిన మనిషి. ఒకరోజు పాఠం మధ్యలో, “అమ్మగారూ, పేరు అబద్ధమని మీరే అంటారు. సీసాలో ఏముందో తెలిసినవాడికి మళ్ళీ పేరెందుకండీ?” అన్నాడు. ప్రశ్న బాగుందని మేమంతా మురిసిపోయాం. అమ్మగారు మాత్రం మోకాళ్ళు నిమురుకుంటూ, జవాబు చెప్పే ఓపిక ఇవాళ లేదన్నారు. ఆ ఎండాకాలం ఆవిడకు దేనికీ ఓపిక ఉండేది కాదు.

ఆ ఇంటి పనులు మేమే వంతులేసుకుని చేసేవాళ్ళం. తరవాతి వారం స్నానాలగదులు కడిగే వంతు శేషగిరికి వచ్చింది. గదులు రెండు, యాసిడ్ సీసా ఒకటే. మాటిమాటికీ అటూ ఇటూ మొయ్యడం ఎందుకని, ఖాళీగా పడున్న మంచినీళ్ళ సీసాలోకి సగం వంచుకున్నాడు. ఒక గది కడిగేసరికి పాఠం వేళయింది. చీపురు గోడకు ఆనించి, సీసాను అరుగు మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి కూర్చున్నాడు. అందులో ఏముందో అతనికి తెలుసు. పేరు రాయలేదు.

బియ్యం బస్తాలు దించడానికి హమాలీ పోలయ్య వచ్చింది అప్పుడే. ఎండకు మాడిపోయి ఉన్నాడు పాపం. ఆఖరి బస్తా దించి, తలగుడ్డతో మొహం తుడుచుకుని, అరుగు మీద సీసా చూశాడు. మూత తీసి, పరాయివాళ్ళ సీసా ఎంగిలి చెయ్యకూడదని, తల వెనక్కి వాల్చి చెయ్యి పైకెత్తాడు.

అమ్మగారి కుర్చీ గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. ఆవిడ చూసింది పోలయ్యను కాదు, సీసాను. దాని మీద తన ప్లాస్టరు లేదు. పట్టుకుంటే తప్ప లేవలేని మనిషి ఎలా లేచారో, గడప ఎలా దాటారో మాకెవరికీ తెలియదు. పోలయ్య ఎత్తిన చేతి మీద ఒక్క దెబ్బ కొట్టారు. సీసా ఎగిరిపడింది. ఆవిడ ముంజేతి మీదా, పోలయ్య భుజం మీదా ఒలికింది. కింద పడినచోట కడపరాయి బుసబుసమని తెల్లగా పొంగింది. అది చూశాక గానీ మాకు సంగతి బోధపడలేదు.

ఎవరో కొబ్బరినూనె తెస్తామన్నారు. వంటావిడ పసుపు అంది. అమ్మగారు ఏదీ వద్దని, పోలయ్య చొక్కా విప్పించి, పంపు కింద ముందు అతని భుజం పెట్టించి, పక్కనే తన చెయ్యి పెట్టుకున్నారు. ఇక చాలేమో అని మేమనేకొద్దీ, నీళ్ళు ఇంకా పారనివ్వమన్నారు. చాలాసేపటికి గానీ పంపు కట్టనివ్వలేదు. ఆ తరవాతే ఇద్దర్నీ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

దారిలో పోలయ్య సంజాయిషీ చెప్పుకున్నాడు, తప్పు తనదే అన్నట్టు. “ఎత్తి పోసుకుందామనుకున్నానండి. మూతి దగ్గర పెట్టుంటే వాసనన్నా తగిలేదండి.” మా ఎంగిలి పట్టింపు మీద గౌరవం కొద్దీ గొంతు కాల్చుకోబోయాడు ఆ మనిషి. నాకు శేషగిరి మీద పట్టరాని కోపం వచ్చింది. కానీ ఇంటికొచ్చేసరికి అతను అరుగు మీద తెల్లమచ్చ పక్కనే, పంపు దగ్గర తడిసిన బట్టలతో అలాగే కూర్చుని ఉన్నాడు. ఆ మొహం చూశాక కోపం కూడా నిలవలేదు.

పోలయ్య భుజం మానింది. అమ్మగారి చెయ్యి మానడానికి ఎక్కువ రోజులు పట్టింది. కట్టుతోనే కూర్చుని పాఠం చెప్పారు, మాటిమాటికీ ఆగుతూ. శేషగిరిని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని అతను నాతో చెప్పుకుని ఏడ్చాడు.

పాఠం ముగిసిన ఒక మధ్యాహ్నం అతను ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో అసలు యాసిడ్ సీసా, చీటీ ఎప్పుడో ఊడిపోయి, అమ్మగారి ప్లాస్టరు కూడా తడికి సగం చెరిగిపోయి ఉంది. రెండో చేతిలో కొత్త ప్లాస్టరు, కలం. జీవితమంతా పేర్లు అచ్చేసినవాడికి ఒక్క పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు.

“ఏమని రాయమంటారమ్మా?” అన్నాడు.

అమ్మగారు కట్టున్న చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, కళ్ళు మూసుకునే జవాబిచ్చారు.

“యాసిడ్ అని రాయి నాయనా. మిథ్య అన్న సంగతి తరవాత తీరిగ్గా చూసుకుందాం.”