బుద్రి ఒడిలో మట్టి

ఏ కాలమని అడగకండి, అది చెప్పేవాళ్ళకీ తెలియదు. అనగనగా మబ్బులు నడుముకు చుట్టుకునేంత ఎత్తు కొండ. ఆ కొండ నెత్తిన మూడు మడుగులు. పెద్ద మడుగు, నడిమి మడుగు, చిట్టి మడుగు. వాటి ఊటే వాగై దిగి, కింద ఊరికి తాగునీరయ్యేది.

వేసవిలో ఊరి పశువులన్నీ పచ్చిక కోసం పైకెళ్ళేవి. నీళ్ళకు దిగుతూ గట్లు తొక్కేవి. ఒక వానకు పెద్ద మడుగు గట్టు తెగి నీరంతా పోయింది. ఇంకా రెండున్నాయిలే అన్నారు జనం. మరో ఏడు నడిమిది తెగింది. ఇంకా ఒకటుందిలే అన్నారు. అలా అనడంలో మొదటి గొంతు ఊరి పెద్ద గుమ్మన్నదే. మనిషి మంచివాడే. కాకపోతే మాట ముందు, ఆలోచన వెనక.

పశువుల్ని కాసేది బుద్రి. నా అన్నవాళ్ళు లేని ముసలిది. ఊరంతటికీ అప్ప, అంటే అక్క. నడిమి మడుగు పోయిన నాటినుంచీ ఆమె కొండ మొదట్లో మందను ఆపేది. గుంటలో జిగటమట్టి తవ్వి, ఒడి నింపుకుని, అప్పుడు ఎక్కేది. పైన పచ్చిక కింద అంతా రాయే, జిగటమట్టి దొరకదు. చిట్టి మడుగు గట్టు మీద గిట్టలు దిగబడిన చోటల్లా ఆ మట్టి వేసి కాళ్ళతో తొక్కేది. ఎండలో ఒడి మట్టి, చినుకులో ఒడి మట్టి, జ్వరంలోనూ ఒడి మట్టి.

గుమ్మన్న ఒకనాడు ఆమెను ఆపాడు.

"ఏటప్పా, ఒడిలో మట్టేసుకుని ఎక్కుతన్నావు? కొండకి మట్టి తక్కువైందేటి?"

"కొండకి కాదు బావూ. మన పశువులు తొక్కీసిన కాడ తక్కువైంది."

గుమ్మన్న పగలబడి నవ్వాడు. అతన్ని చూసి ఊరూ నవ్వింది.

ఒక ఏడు, వానలకు ముందు, బుద్రి నిద్రలోనే పోయింది. ఊరు మర్యాదగానే సాగనంపి తన పనిలో పడింది. కాసేవాళ్ళు లేక గుమ్మన్నే మందను తోలుకెళ్ళాడు. మట్టి గుంట దగ్గర పశువులన్నీ ఆగిపోయాయి.

మొదటి రోజు అదిలించాడు. కదల్లేదు. రెండో రోజు ఉప్పు పెట్టి బతిమాలాడు. ఉప్పు నాకాయి గాని కదల్లేదు. మూడో రోజు కర్ర ఎత్తి, ముందున్న ముసలావును ఒక్కటేశాడు. ఆవు అతని వైపు చూడనైనా లేదు. గుంటవైపే చూస్తూ నిలబడింది.

గుమ్మన్నకు అప్పటికి వెలిగింది. తలపాగా విప్పి, మట్టి తవ్వి, మూట కట్టి భుజాన వేసుకున్నాడు. మంద దానంతటదే నడక సాగించింది.

పైకెళ్ళి చూస్తే గట్టంతా అతుకు మీద అతుకు. ఎండిన మట్టిలో బుద్రి అడుగులు. అడవిపందులు కొత్తగా కుళ్ళగించిన చోట నీరు సన్నగా జారుతోంది. పడమట నల్లమబ్బు పట్టింది. ఈ మడుగూ పోతే ఊరు ఖాళీ చేసి పోవాల్సిందే. తెచ్చిన మూట ఒక మూలకైనా చాల్లేదు. గుమ్మన్న అక్కడే కూలబడి ఏడ్చాడు.

"నవ్వీసేను అప్పా. అందరికన్నా ముందు నానే నవ్వీసేను."

తర్వాత పరుగున దిగి ఊరందర్నీ కేకేశాడు. కొంగుల్లో, తలపాగాల్లో, బుట్టల్లో మట్టి కొండెక్కింది. ఆ సాయంత్రమే వాన దంచికొట్టింది. చిట్టి మడుగు నిండింది. గట్టు నిలిచింది.

ఇప్పటికీ ఆ కొండను వట్టి చేతులతో ఎవరూ ఎక్కరు. కొత్త పెళ్ళికూతురైనా పిడికెడు మట్టి పట్టుకోవాల్సిందే. ఇక ఆ ఊళ్ళో, దారి మధ్య పశువు ఆగిపోతే ఎవరూ కర్ర ఎత్తరు. ముందు తమ చేతుల్లో ఏముందో చూసుకుంటారు.